మల్లన్న మీసాలు

ఉప్పల్, హైదరాబాద్
జూలై 3, 2022

చిన్నబాపుకు నమస్కారం.

ఉత్తరం చూసి ఫికర్ పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి మామూలే. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. చేశాను. పోయిన ఆదివారం నాలుగు ప్రశ్నలు అడిగితే నాలుగింటికీ ‘ఆఁ’ అని, ఫోన్ చిన్నమ్మ చేతికిచ్చావు. బాపు ఉన్నప్పుడు అనేవాడు, ‘మా దుర్గడు నోటితోని మాట్లాడడు, పెన్నుతోని మాట్లాడతడు’ అని. బడి ముఖం చూడకుండా పశువుల దవాఖాన మందుసీసాల మీది అక్షరాలు పట్టుకుని చదువు నేర్చుకున్నావని, ఏ రోజు మంద ఎటు పోయిందో, ఏ గొర్రె కుంటిందో అన్నీ రోజూ రాసిపెడతావని కూడా చెప్పేవాడు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసులో కంప్యూటర్ మీద ఆడే ఆటలు తయారు చేస్తారని నీకు తెలుసు. ఇప్పుడు చేస్తున్న ఆట పేరు ‘నల్లకోట’. కథ నూట ఎనభై ఏళ్ల కిందటిది. నిజాం రాజ్యం, దాని మీద కంపెనీ దొరల పెత్తనం. అందులో ఒక తెల్లదొర ఊరూరా తిరుగుతూ గొలుసుతో భూమి కొలుస్తుంటాడు. కొలిచిన ప్రతి గుట్టలోంచి ఒక భూతం లేచి అతనికి బానిస అవుతుంది. ఆడేవాళ్లు ఒక వేషం ఎంచుకుని ఆ కాలంలో తిరగాలి. పోచంపల్లి మగ్గం మీది పిల్ల కావచ్చు, భువనగిరి కోట కావలివాడు కావచ్చు. ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరితో కొట్లాడాలో వాళ్ల ఇష్టం. చివరికి ఆ దొరను ఆపాలి. చిందోళ్ల భాగోతంలో వేషం కట్టినట్టే అనుకో. కాకపోతే ఇక్కడ చూసేవాళ్లే వేషం కడతారు.

కథ రాసే నలుగురిలో నేనొకదాన్ని. మిగతా ముగ్గురూ వాళ్ల ఇళ్లలో విన్న పాత సంగతులు తెచ్చి కథలో పెడుతున్నారు. ఒకరి ముత్తాత దివాణంలో మున్షీ. గ్రేస్ అనే అమ్మాయి వాళ్ల ముత్తవ్వ మిషన్ దవాఖానలో మొదటి నర్సు. ‘మీ ఇంట్లో ఎవరున్నారు?’ అని నన్ను అడిగారు. ‘గొర్రెలు’ అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బాపు ఉంటే బాపును అడిగేదాన్ని. ఇప్పుడు నువ్వే ఉన్నావు. ఆ కాలంలో మన ఇంట్లో దొరలకు ఎదురు నిలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ బిడ్డ,
మల్లీశ్వరి


ముత్తిగూడెం, మోత్కూర్ మండలం
జూలై 19, 2022

బిడ్డ మల్లీశ్వరికి దీవెనలు.

ఉత్తరం అందింది. వానల వల్ల జవాబు ఆలస్యమైంది. ఈ నెలలో ఇప్పటికి పదమూడు రోజులు వాన. మూడు గొర్రెలకు గిట్టలు మెత్తబడ్డాయి. మంద ముత్తిగుట్ట మీదనే ఉన్నది.

వానాకాలం నాలుగు నెలలు మందకు గుట్ట తప్ప జాగా లేదు. ఇదివరకు బీళ్లుండేవి. కాలువ నీళ్లు వచ్చినాక అందరూ వరి, పత్తి వేస్తున్నారు. మంచిదే. గుట్టకు తూర్పున రాయి కొడుతున్నారు. ఉత్తరాన కరెంటు టవర్లు వచ్చాయి. దక్షిణం అంతా నిట్రంగా గోడ లెక్క ఉంటుంది, మేక కూడా ఎక్కదు. పడమటి వాలు ఒక్కటి మిగిలింది. అది పోతే మందను అమ్ముకోవడమే. ఇది నువ్వు అడగలేదు. వాన సంగతి వచ్చింది కనుక రాశాను.

నువ్వు అడిగింది. ఎదురు నిలిచినవాడు మన ఇంట్లో ఒక్కడే. మల్లన్న. మా తాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఒక తెల్లదొర గొలుసు పట్టుకుని ఈ ప్రాంతానికి వచ్చాడు. మీ ఆటలో దొర వంటివాడే. భూతాల సంగతి మా తాత చెప్పలేదు. దొర ముత్తిగుట్ట ఎక్కి జెండా పాతాలన్నాడు. పడమటి వాలు మీద బాట సన్నం, ఒక్కరే పోగలరు. ఆ బాటకు అడ్డంగా మల్లన్న నిలబడ్డాడు. సిపాయిలు అరిచారు. కట్టెలతో కొట్టారు. తప్పుకోలేదు. దొర తానే ముందుకు వచ్చాడు. మల్లన్న ఒక్క పోటు పొడిచాడు. దొర చేతిలోని ఇత్తడి యంత్రం గుట్ట కిందిదాకా దొర్లి పగిలింది. అప్పుడు సిపాయిలు తుపాకీతో కాల్చారు. యంత్రం లేక దొర ఆ ఏడు కొలవకుండానే పోయాడు.

మల్లన్న పడ్డచోట మనవాళ్లు రాయి పాతారు. మోకాలెత్తు ఉంటుంది. ఇప్పటికీ ఉన్నది. మంద తోలేముందు దానికి మొక్కుతాను.

మీ చిన్నమ్మ గుర్వమ్మ నిన్ను అడిగింది.

దుర్గయ్య


ఉప్పల్
ఆగస్టు 2, 2022

చిన్నబాపూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను. తర్వాత మా పెద్దసారు మల్లికార్జున్ ‘ఇదే మన కథ’ అన్నాడు. మున్షీ ముత్తాత పక్కకు పోయాడు. ఆటకు నాయకుడు ఇప్పుడు మల్లన్న.

ఇన్నేళ్లు బాపు ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు? చెప్పుకోదగ్గ మనుషులు మిగతావాళ్ల ఇళ్లలోనే ఉంటారని అనుకున్నాను. మన ఇంట్లో ఇంతటివాడు ఉండగా నేను గొర్రెలు అని చెప్పి నవ్వించాను. రెండు రోజులు సిగ్గుతో అన్నం సహించలేదు.

బొమ్మలు గీసేవాళ్లు అడుగుతున్నారు. మల్లన్న చూడటానికి ఎట్లా ఉండేవాడు? స్వభావం ఎట్లాంటిది? పెళ్లయిందా, పిల్లలున్నారా? మెడలో, చేతిలో ఏమైనా వేసుకునేవాడా? నీకు తెలిసింది ఎంత చిన్నదైనా రాయి.

మల్లీశ్వరి


ముత్తిగూడెం
ఆగస్టు 13, 2022

బిడ్డ మల్లీశ్వరికి దీవెనలు.

మల్లన్న నలుపు. ఛాతీ వెడల్పు. మొండివాడు, ఎవరి మాటా వినడు. నాలుగు ఊళ్ల మందలు ఆయన వెనక నడిచేవని మా తాత అనేవాడు. మెడలో ఇత్తడి గంట. అది మీ బాపు పుట్టకముందే పోయింది. వాగు దాటేటప్పుడు ముందు ఆయనే దిగాలి. ఆయన దిగకపోతే ఎవరూ దిగరు.

పెళ్లి కాలేదు. పిల్లలు చాలామంది. లెక్క ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఉన్నారు.

పెళ్లి సంగతి ఎందుకు అడిగారో నాకు అర్థం కాలేదు. అడిగారు కనుక రాశాను.

వాన తగ్గింది. గిట్టలు గట్టిపడ్డాయి.

దుర్గయ్య


ఉప్పల్
ఫిబ్రవరి 12, 2023

చిన్నబాపూ,

ఆరు నెలలు రాయలేదు. పని అట్లా ఉండింది. తిట్టుకోకు. నువ్వు తిట్టవు, చిన్నమ్మకు చెప్పు.

ఆటలో కొంత భాగం జనానికి చూపించాం. ఊహించనంత మంది చూశారు. రెండు పత్రికల వాళ్లు, ఒక టీవీ వాళ్లు వచ్చి నన్ను అడిగారు. మల్లన్న మా తాతల తాత అని చెప్పాను. ఫొటో కూడా వేశారు. కథ మొత్తానికి ఇప్పుడు నేనే బాధ్యురాలిని. ఆట మొదలయ్యేటప్పుడు తెర మీద మొదట పడే పేరు నాదే. బాపు పేరు కూడా కలిపి రాయించాను.

ఒక్కటి మార్చాం, కోపం తెచ్చుకోకు. పెళ్లి కాకుండా అంతమంది పిల్లలంటే మావాళ్లు ఇబ్బంది పడ్డారు. అందుకని ఒక భార్యను పెట్టాం. పేరు నాగరాణి. కత్తి తిప్పుతుంది. పిల్లలను ఇద్దరికి కుదించాం.

రాజేశన్న ఫోన్‌కు పంపాను. దుకాణంలో పెద్ద తెర మీద చూపిస్తానన్నాడు. చిన్నమ్మను కూడా తీసుకునిపో. చూసి ఎట్లా ఉందో రాయి. నీ మాట కోసం చూస్తుంటాను. మిగతావాళ్ల మాట కన్నా నాకు అదే ముఖ్యం.

మల్లీశ్వరి


ముత్తిగూడెం
ఫిబ్రవరి 28, 2023

బిడ్డ మల్లీశ్వరికి దీవెనలు.

మొన్న ఆదివారం మీ చిన్నమ్మ, నేను మోత్కూర్ పోయి, మన రాజేశ్ సెల్‌ఫోన్ దుకాణంలో కూచుని ఆట చూశాము. ఇరవై మంది దాకా వచ్చారు. మన కులసంఘం అధ్యక్షుడు దశరథం కూడా వచ్చాడు. ఆయనకు ఎరువుల దుకాణం. వాళ్ల ఇంట్లో మంద పోయి రెండు తరాలైంది.

గుట్ట బాగా గీశారు. పడమటి వాలు మీద తుమ్మచెట్టు కూడా ఉన్నది. దొర బాగున్నాడు. భూతం బాగున్నది. తర్వాత ఒక మనిషి వచ్చి బాటకు అడ్డం నిలబడ్డాడు. ఆరడుగులవాడు. భుజాన గొంగడి, చేతిలో బల్లెం, బల్లేనికి గంట.

‘గీయన ఎవలు?’ అని నేను అడిగాను.

‘గదేంది నాయినా, మల్లన్న తాత గద. నువ్వు రాసిందే గద’ అన్నాడు రాజేశ్.

నేను ఇంకోసారి చూశాను. మల్లన్నకు మీసాలు పెట్టారు. ఆయనకు ఉన్నవి కొమ్ములు.

బిడ్డా, మల్లన్న పొట్టేలు.

దేవునికి విడిచి మంద ముందర నడిపించేవాణ్ణి మనం ఆ మాటతో పిలవం. పిలిస్తే కత్తికి చూపినట్టే. ఇంటి మంది పేర్లు చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా కలిపి చెబుతాము. బీరప్ప పండుగకు కథ చెప్పే ఒగ్గువాళ్లు మన ఇంటి పేర్లు చదివితే అందులో కూడా ఉంటుంది. నీకు తెలుసనుకున్నాను. నువ్వు హైదరాబాద్‌లో పెరిగినదానివన్న సంగతి మరిచాను. తప్పు నాది. ఇప్పుడు ఆ మాట రాయవలసి వచ్చింది కనుక పొద్దున రాయి దగ్గరికి పోయి తప్పు ఒప్పుకుని వచ్చి రాస్తున్నాను. కన్నకొడుకు రాజేశ్‌కు కూడా నేను ఎన్నడూ చెప్పలేదు. వాడు అడగలేదు.

దుకాణంలో అప్పుడే చెప్పవలసింది. ఇంతలో దశరథం లేచి నిలబడ్డాడు.

‘మన కులంల గింతటి వీరుడుండంగ మనకే తెల్వకపాయె. ఊరూరికి బొమ్మలున్నయి. మనకు లేదు. ముత్తిగుట్ట మీద మల్లన్న విగ్రహం పెట్టాలె. పదిహేనడుగులు.’

‘మీసాలు గట్లనే ఉండాలె’ అన్నారు ఎవరో.

‘మీసాలు లేకుంటే మల్లన్న ఎట్లయితడు?’ అన్నాడు దశరథం.

అందరూ చప్పట్లు కొట్టారు. మీ చిన్నమ్మ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. నలుగురిలో నాకు మాట రాదు, నీకు తెలుసు.

ఇంటికి వచ్చినాక మీ చిన్నమ్మ నాగరాణి ఎవరని అడిగింది. నాకు తెలియదన్నాను.

ఆట ఎట్లా ఉందో రాయమన్నావు. బాగున్నది.

దుర్గయ్య


ఉప్పల్
మార్చి 7, 2023

చిన్నబాపూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి కూడా పొట్టేలే.

నిన్ను ఏమీ అనను. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ తీసి చూశాను. ఒక్క అబద్ధం లేదు. నాలుగు ఊళ్ల మందలు వెనక నడిచేవని రాశావు. లెక్కలేనంత మంది పిల్లలని రాశావు. నేనే చదువుకున్నదాన్ని, నేనే చూసుకోలేదు.

కానీ ఇప్పుడు ఎవరికీ చెప్పకు. ఆట జూన్ రెండున విడుదల. ఇప్పుడు ఇది బయటపడితే నేను ఆఫీసులో తల ఎత్తలేను. పత్రికలో నా ఫొటో కింద ‘వీరుని వారసురాలు’ అని ఉంది. పొట్టేలు వారసురాలిని అని ఎట్లా చెప్పను? మల్లికార్జున్ సారు నా మాట నమ్మి కథంతా మార్చాడు.

అయినా ఆలోచించు. విగ్రహం పెడితే నష్టమేముంది? మన ఇంటి పేరు నిలుస్తుంది. మనిషైనా, ఇంకొకటైనా, అడ్డం నిలబడిన మాట నిజమే కదా. బాపు ఉంటే సంతోషపడేవాడు.

ఈ ఉత్తరం చదివి చింపెయ్.

మల్లీశ్వరి


ముత్తిగూడెం
ఏప్రిల్ 16, 2023

బిడ్డ మల్లీశ్వరికి దీవెనలు.

నీ ఉత్తరం చింపలేదు. కాగితం చింపడం నాకు అలవాటు లేదు. పెట్టెలో అడుగున పెట్టాను. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

విగ్రహం జాగా ఖాయమైంది. పడమటి వాలు. జనం ఎక్కడానికి వీలున్నది అటే కనుక. పోయిన గురువారం ఇంజనీరు వచ్చి టేపుతో కొలిచాడు. బాటకు అడ్డం ఎవరూ నిలబడలేదు. నేను టేపు కొస పట్టుకున్నాను. పట్టుకొమ్మన్నారు.

విగ్రహం చుట్టూ చప్టా. కిందినుంచి మెట్లు. మెట్లకు రెండు పక్కలా పూలచెట్లు. పూలచెట్లు మేయకుండా వాలు మొత్తానికి కంచె. పాత రాయి మెట్లకు అడ్డం వస్తుందని తీసి పక్కన పెడతారట. జూన్ పన్నెండున కంచెకు గుంతలు తీయడం మొదలు. వానలు పడకముందే పని కావాలని.

మందను ఎటు తోలాలని దశరథాన్ని అడిగాను.

‘ఇంకెన్నేండ్లు తిరుగుతవు దుర్గన్నా గొర్లెంబడి? అమ్మేయరాదు. మెట్లకాడ హోటల్ పెట్టుకో. మల్లన్న వంశం అని బోర్డు రాపిద్దాం’ అన్నాడు.

హోటల్లో ఏం వండాలని నేను అడగలేదు.

ఎల్లారెడ్డి అనే బేరగాడు ఒకసారి వచ్చి మందను చూసిపోయాడు. నేను రమ్మనలేదు. వాళ్లకు ఎట్లనో తెలుస్తుంది. మందలో ఇప్పుడు నూట నలభై ఆరు, అందులో ఈ మధ్య పుట్టినవి పందొమ్మిది. అన్నీ నలుపే. ఈ నలుపు ఇప్పుడు అంగళ్లలో దొరకదు. సంఖ్య ఎవరికీ చెప్పొద్దు, చెప్పకూడదు. నీకు రాశాను.

మీ చిన్నమ్మ ఒక మాట అన్నది. ‘నీకు నోరు లేదు. ఆ పిల్లకు ఉన్నది గద, అదెందుకు మూసుకున్నది?’ అన్నది. ఇది రాయకూడదనుకున్నాను. రాసినాక కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

నీ పని జాగ్రత్త.

దుర్గయ్య


ఉప్పల్
మే 24, 2023

చిన్నబాపూ,

నెల దాటినా జవాబు రాయలేదు. రాద్దామని రోజూ కూచున్నాను. నువ్వు టేపు కొస పట్టుకున్నావన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను.

నిన్న చెప్పాను. మల్లికార్జున్ సారు గదిలోకి పోయి, గ్రేస్ కూడా ఉండగా చెప్పాను.

‘సార్, మల్లన్న మనిషి కాదు. పొట్టేలు.’

‘కథలో ఏమన్నా కొత్త మార్పా?’ అన్నాడు.

‘మార్పు కాదు సార్. మొదటి నుంచీ పొట్టేలే.’

ఆయన కంప్యూటర్ మూశాడు. నీ ఉత్తరాలు ఇచ్చాను. చదివాడు. ‘అడ్డం నిలబడ్డాడు. ఒక్క పోటు పొడిచాడు’ అని పైకి చదివాడు. గ్రేస్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు.

‘మల్లీశ్వరీ, ఆ మీసాలు ఒక్కటి గాలికి కదలనీకె మాకు నెలన్నర వట్టింది. నీకు ఎర్కనా?’ అన్నాడు.

‘ఎర్కే సార్.’

‘ఇప్పుడు నన్నేం చేయమంటవు?’

నాకు తెలియదన్నాను. బయట కూచోమన్నాడు. రెండు గంటలు కూచున్నాను.

తేల్చింది ఇది. మీసాల మల్లన్నను ఇప్పుడు తీయలేరు. కానీ ఆయన కల్పిత పాత్ర అని, ఎవరి పూర్వీకుడూ కాడని ఆట మొదట్లో ఒక వాక్యం వేస్తారు. పత్రికలకు కూడా నేనే రాసి పంపాను. కథ బాధ్యత గ్రేస్‌కు ఇచ్చారు. తెర మీద నా పేరు చివరి వరుసకు పోయింది, బాపు పేరు తీసేశారు. వచ్చే నెలాఖరుకు ఆటలో మొదటి మార్పులు వస్తాయి. అందులో అసలు మల్లన్నను కూడా పెట్టాలట. ఆయన కొమ్ములు, నడక, రాయి, ఆయన చుట్టూ ఉన్న ఆచారాలు, ఆ పని నాది. ఆఫీసులో నా కుర్చీ మీద ఎవరో గడ్డిపోచ ఒకటి పెట్టారు. తీసి డ్రాయర్‌లో వేశాను. ఉద్యోగం ఉన్నది.

ఏడ్చానని చిన్నమ్మకు చెప్పకు. నోరు తెరిచానని చెప్పు.

దశరథం గారికి ఒక కాగితం రాసి ఇందులో పెట్టాను. అంతా ఉన్నది, తప్పు నాదేనని కూడా. సంఘంలో రాజేశన్నతో చదివించు. నువ్వు మాట్లాడనక్కర్లేదు. పొట్టేలుకు విగ్రహం ఎవరు పెడతారు? గుట్ట నీకు మిగులుతుంది.

మల్లీశ్వరి


ముత్తిగూడెం
జూన్ 9, 2023

బిడ్డ మల్లీశ్వరికి దీవెనలు.

నీ కాగితం మొన్న మంగళవారం సంఘంలో చదివించాను. అరవై మంది దాకా ఉన్నారు. రాజేశ్ బాగా చదివాడు. పొట్టేలు అన్న చోట ఆగి నా వైపు చూశాడు. నేను తల ఊపితే మిగతాది చదివాడు.

చదవడం అయినాక దశరథం కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

‘అంటే గా విగ్రహం...’ అన్నాడు ఒకాయన.

‘విగ్రహం వద్దు’ అన్నాడు దశరథం.

నేను లేచి పోదామనుకున్నాను. ఇంతలో ఆయనే మళ్లీ అన్నాడు. ‘మనిషనుకున్నం గనుక బొమ్మ సాలనుకున్నం. దేవుని పొట్టేలంటే ఊకెనా? తుపాకికి ఎదురువోయిన దేవుని పొట్టేలు. గుడి గావాలె. పదిహేనడుగులు సాలదు. గోపురం గావాలె.’

‘కంచె?’ అని రాజేశ్ అడిగాడు.

‘గుడి అన్నంక ప్రహరి ఉండదా? కంచె కాదు, గోడ.’

చప్పట్లు రాజేశ్ దుకాణంలోకన్నా ఎక్కువ కొట్టారు.

బిడ్డా, అప్పుడు నేను లేచి నిలబడ్డాను. సంఘంలో ఎప్పుడూ మాట్లాడలేదు కనుక నేను బయటికి పోతున్నాననుకుని బాట ఇచ్చారు. నేను పోలేదు.

‘రాయి మీద కప్పు వేయొద్దు’ అన్నాను.

‘ఏందే దుర్గన్నా?’

‘మల్లన్న రాయి మీద కప్పు వేయొద్దు. చుట్టు గోడ పెట్టొద్దు. దాన్ని కదపొద్దు. వానకాలం నాలుగు నెలలు మంద ఆ రాయిని ఒరుసుకుంట పోవాలె. గొర్రె బొచ్చు ఆ రాయికి తాకాలె. తాకకుంట ఒక్క ఏడు గడిసినా కులానికి మంచిది కాదు.’

ఇంత పొడుగు మాట నేను మీ చిన్నమ్మతో కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

‘గీ ముచ్చట నేనెన్నడు ఇనలే’ అన్నాడు దశరథం.

‘మీ ఇంట్ల మంద లేకపాయె. ఎట్ల ఇంటవు?’ అన్నది వెనక నుంచి బాలనర్సమ్మ. ఆమెకు ఎనభై దాటాయి. సంఘంలో అందరికన్నా పెద్దది. ఆమె కట్టె పట్టుకుని లేచింది. ‘మా అత్త చెప్పేది. అచ్చం గిదే మాట. ఎవడో గోడ పెట్టి ఏడాది తిరగకముందే గుడ్డోడయిండట.’

‘ఏ ఊర్ల అవ్వా?’

‘పేరు చెప్పొద్దన్నది.’

దశరథం నా వైపు తిరిగాడు. ‘అవ్వ సంగతి పక్కన వెట్టు. దుర్గన్నా, నువ్వు అబద్ధమాడంగ నేను ఇనలే. నిన్ను నమ్మొచ్చు. కని గిది ఏడనన్న రాసి ఉన్నదా? రేపు ఎవలన్న అడిగితే చూపియ్యాలె గద.’

‘ఉన్నది’ అన్నాను.

‘ఏడ?’

‘మా మల్లీశ్వరి కాడ. ఆటల వస్తది.’

‘ఆటల వస్తదా? అయితే సరే’ అన్నాడు. గుడి పని ఆపారు. గుంతలు తీయడం లేదు. గుట్ట కింద బాట పక్కన ఒక బోర్డు మాత్రం పెడతారు. మల్లన్న గుట్ట, కంచె గోడ నిషేధం అని రాయిస్తారట. ఆటలో చూసినాక పెడతామన్నారు. ఈ నెలాఖరు దాకా ఆగుతారు.

నీకు నిజం చెప్పాలి. అట్లాంటి ఆచారం ఏదీ లేదు. మంగళవారం పొద్దున గట్క తినేటప్పుడు అనుకున్నాను. మా తాత చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఒగ్గువాళ్ల పాటలో లేదు. బాలనర్సమ్మకు వాళ్ల అత్త ఎట్లా చెప్పిందో నాకు తెలియదు. వచ్చేటప్పుడు నా పక్కన నడుస్తూ, ‘గోడ పెట్టినోనికి కండ్లు వోయినయంటే సాలా, కాలు గూడ వోవాల్నా?’ అని అడిగింది. చాలన్నాను.

నీ పేరు చివరికి పోయిందని రాశావు. మీ బాపు పేరు పోయిందని రాశావు. ఆ రెండు వాక్యాలు రోజూ చదువుతున్నాను. నేను ఏమీ చేయలేను. నీకు అబద్ధపు పని ఒకటి ఎక్కువ పెట్టాను, అంతే. మాట వరస తప్పకుండా నేను సంఘంలో అన్నది అన్నట్టు కింద రాస్తున్నాను. ఇట్లనే పెట్టు.

రాయి మీద కప్పు లేదు. చుట్టూ గోడ లేదు. కదపరాదు. వానాకాలం మంద దాన్ని ఒరుసుకుంటూ పోవాలి.

ఈ రోజుకు ఆ ఆచారం వయసు మూడు రోజులు. మీ ఆటలో నూట ఎనభై ఏళ్లని రాయి.

దుర్గయ్య